అర డాలరుకు అంటిన మామిడి సొన

తల వంచి లోపలికి రండి, గుమ్మం చిన్నది. మే నెల, మధ్యాహ్నం రెండున్నర. బయట నూజివీడు వీధిలో మనిషి అలికిడి లేదు. మామిడికాయల లోడుతో మార్కెట్టు వైపు పోయే ట్రాక్టర్లు మాత్రం ఆగడం లేదు. పచ్చికాయ, ఎండుగడ్డి, తెగిన తొడిమ నుంచి కారిన సొన... మూడూ కలిసిన ఘాటు వాటి వెనకాలే వస్తోంది. ఈ కంసాలి కొట్టు గుమ్మం దాటగానే ఆ వాసన పోయి బొగ్గు వాసన మొదలవుతుంది. కుంపటి రాజుతోంది కాబట్టి ఫ్యాను ఆపేశారు. చెమట తుడుచుకుంటూ చూడాల్సిందే.

పని బల్లకి అవతల ఆచారిగారు. ఇవతల పీట మీద కూర్చున్నాయన హైస్కూల్లో సైన్సు మాస్టారు. సెలవుల్లోనూ పెళ్ళిళ్ళలోనూ మేజిక్ చేస్తాడు. రాత్రి ఏడున్నరకి ఆగిరిపల్లి వైపు ఒక పెళ్ళింట్లో ప్రదర్శన ఉంది. సంచిలోంచి ఒక్కో వస్తువూ తీసి ఎర్ర గుడ్డ మీద పెడుతున్నాడు. ఒక పెద్ద తెల్ల నాణెం. ఒక పక్క తెల్లగా, ఇంకో పక్క రాగిరంగులో ఉన్న నాణెం. మధ్యకి విరిగినట్టు వంకరగా నిలిచిపోయిన నాణెం. బల్లపరుపుగా నొక్కుకుపోయిన రేకు గొట్టం. మూత రాని ఇత్తడి డబ్బీ. పెళ్ళివారికి ఇవి అద్భుతాలు చూపించాలి. ప్రస్తుతానికి ఒక్కటీ కదలడం లేదు.

ఆచారిగారు తెల్ల నాణెం తీసి అరచేతిలో ఎగరేసి పట్టుకున్నారు.

"ఏంటి మాస్టారూ, పాత వెండి రూపాయా? తులం దగ్గరగా తూగుతోంది. కానీ వెండి కాదు."

"అమెరికా అర డాలరండీ ఆచారిగారూ."

ఆయన చెయ్యి ఎంత నమ్మదగ్గదో ఇక్కడే తెలుస్తుంది. బ్రిటిష్ వాళ్ళ నాటి వెండి రూపాయి 11.66 గ్రాములు. తులం అంటే అదే. ఇప్పటి అర డాలరు 11.34 గ్రాములు, అడ్డం 30.6 మిల్లీమీటర్లు. వెడల్పులో మన పాత రూపాయికీ దానికీ తేడా కంటికి ఆనదు. ప్రపంచంలో నాణేల మేజిక్ చేసేవాళ్ళలో చాలామంది అర డాలరునే వాడటానికి కారణం ఆ వెడల్పే. అరచేతిలో దాగుతుంది, ఆఖరి వరసలో కూర్చున్నవాడికీ కనిపిస్తుంది.

"అయితే ఇది ఒకటి కాదండి, రెండు," అన్నాడు మాస్టారు గొంతు తగ్గించి.

ఆచారిగారు భూతద్దం కంటికి బిగించుకున్నారు. దగ్గరికి జరిగి మీరూ చూడండి. నాణెం అంచుకి లోపలగా వెంట్రుక కన్నా సన్నటి గుండ్రటి గీత. ఒక అర డాలరును లోపలంతా తొలిచి, ముఖమూ అంచూ మాత్రం ఉంచి, అంచును కాస్త సాగదీసి చేసిన డొల్ల ఇది. మామూలు అర డాలరు అందులో టోపీ తొడిగినంత సులువుగా ఇమిడిపోతుంది. మేజిక్ వాళ్ళు దీన్ని షెల్ అంటారు.

ఇక్కడ ఇంద్రజాలికులెవరైనా నా మీద కోప్పడవచ్చు, రహస్యం బయటపెడుతున్నావని. 1952లో వచ్చిన జె.బి. బోబో 'మోడర్న్ కాయిన్ మేజిక్' పుస్తకం చదివినవాళ్ళకి షెల్ కొత్త కాదు. వస్తువు సంగతి వరకే చెబుతాను. దాన్ని వేళ్ళ మధ్య ఎలా నడిపిస్తారో చెప్పను. మేజిక్ ఉన్నది ఆ చెప్పని భాగంలో.

"నిన్న మా బావగారి తోటలో కాయ కోస్తున్నారండి. పిల్లలు అడిగితే చిన్న ట్రిక్కు చేశా. చిక్కం కర్ర పట్టుకున్న కుర్రాడు నాణెం చూస్తానన్నాడు. అసలు నాణెమే ఇచ్చాను. చూసి తిరిగిచ్చాడు. నేను మామూలుగా షెల్‌లో వేసి జేబులో పెట్టుకున్నాను. పొద్దున చూస్తే రావడంలేదు."

ఆచారిగారు గోరుతో ఆ గీత వెంట ఒక చుట్టు తిరిగారు. ఒకచోట ఆగి గోరు వాసన చూశారు.

"ఇది తుప్పు కాదు మాస్టారూ. సొన."

మామిడి సొన సంగతి ఈ ఊళ్ళో ఎవరికీ చెప్పక్కర్లేదు. తొడిమ విరిగితే చిమ్ముతుంది. కాయ మీద పడితే నల్లటి మచ్చ, చర్మం మీద పడితే పుండు. అందుకే కోసిన కాయని తలకిందులుగా ఉంచి సొన కారనిస్తారు. అందులో నీళ్ళ భాగమూ ఉంటుంది, నూనె భాగమూ ఉంటుంది. నీరు ఆరిపోయాక మిగిలే జిగురు బంకలా బిగుస్తుంది. కుర్రాడి వేలి మీద ఉన్న ఒక్క చుక్క నాణెం అంచుకి అంటింది, షెల్ లోపలికి వెళ్ళింది, నూజివీడు వేడికి రాత్రికి రాత్రే గట్టిపడింది.

"పొద్దున వేణ్ణీళ్ళలో వేశానండి. లాభం లేకపోయింది."

లాభం ఉండదు. సొనలోని జిడ్డు నీళ్ళకి కరగదు. పైగా రెండింటినీ కలిపి వేడి చేస్తే రెండూ కలిసే వ్యాకోచిస్తాయి, సందు ఎక్కడిదక్కడే ఉంటుంది. సైన్సు మాస్టారుకి ఈ పాఠం తెలియక కాదు. సాయంత్రం ప్రదర్శన పెట్టుకున్నవాడికి పాఠాలు గుర్తుండవు.

ఆచారిగారి మనవడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. సెలవులకి వచ్చి గడప మీద కూర్చుని ఫోను చూస్తున్నవాడు తలెత్తాడు.

"అంచు కొంచెం ఆకురాయితో అరగదీస్తే వచ్చేస్తది కదా తాతయ్యా."

"వచ్చేస్తది. మళ్ళీ ఎప్పుడు పెట్టినా నిలవదు కూడా."

నాకు ఆ కొట్టులో విన్నవాటిలో ఇదే అన్నింటికన్నా విలువైన మాట అనిపించింది. ఇలాంటి వస్తువుకి ప్రాణం బిగువే. షెల్ వదులైతే చేతిలో నాణెం టిక్కుటిక్కుమని చప్పుడు చేస్తుంది, వంచితే జారిపడుతుంది, ఎదుటివాడి చెవికి అనుమానం వస్తుంది. తయారుచేసినవాడు లేతు మీద గంటల తరబడి చూసుకుని ఉంచిన ఖాళీ అది. ఆ ఖాళీలోకి ఏదో వచ్చి చేరితే బిగుసుకుంటుంది. వచ్చి చేరినదాన్ని తీసెయ్యాలి తప్ప లోహాన్ని ముట్టుకోకూడదు. బిగుసుకున్న షెల్‌ని బ్లేడుతో పెకిలించబోయి అంచు చీల్చుకున్నవాళ్ళు, పట్టకారుతో నొక్కి కోడిగుడ్డు ఆకారానికి తెచ్చినవాళ్ళు మేజిక్ చేసే ప్రతిచోటా ఉన్నారు. పళ్ళతో లాగినవాళ్ళూ ఉన్నారు. ఆ తర్వాత అది నాణెమూ కాదు, షెల్లూ కాదు.

ఆచారిగారు సీసా అడుగున మిగిలిన కిరసనాయిలు తీశారు. అంతకంటే ముందు కుంపటిని కాలితో అవతలికి జరిపారు. సూది మొన ముంచి, ఆ చుక్కని గీత మీద తాకించారు. చూస్తూ ఉండండి. చుక్క గీతలోకి మాయమైంది. ఇంకోటి పెట్టారు, అదీ మాయమైంది. సందు ఎంత సన్నగా ఉంటే అంత బాగా లోపలికి లాక్కుంటుంది.

"కేశనాళికీయత," అన్నాడు మాస్టారు తనలో తాను అనుకున్నట్టు.

"మీరేదైనా అనండి. ఇరవై నిమిషాలు ముట్టుకోవద్దు."

మజ్జిగ వచ్చింది. మాటలు నాణేల మీదకి మళ్ళాయి.

"అమెరికా డబ్బులెందుకండీ, మన రూపాయితో చెయ్యొచ్చుగా?" అని మనవడు.

చెయ్యకూడదు. 2011 నాటి నాణేల చట్టం ప్రకారం చెలామణిలో ఉన్న నాణేన్ని కరిగించడం, పాడుచెయ్యడం నేరం. ఏడేళ్ళ వరకూ జైలు పడవచ్చు. నాణేన్ని డొల్ల చెయ్యడం, రెండుగా కొయ్యడం దాని కిందికి రావని వాదించుకోడానికి పెళ్ళింట్లో ప్లీడరు ఉండడు. లోహం కూడా కలిసిరాదు. మన రూపాయి బిళ్ళ 1992 నుంచీ స్టెయిన్‌లెస్ స్టీలు. గట్టిది, లేతు మీద మొండికేస్తుంది, పైగా అయస్కాంతానికి అతుక్కుంటుంది. అర డాలరు అతుక్కోదు. అది రాగి మీద రాగి-నికెల్ పొరలు వేసిన నాణెం. 1964లో మొదటిసారి కెనెడీ బొమ్మతో వచ్చినప్పుడు నూటికి తొంభై పాళ్ళు వెండి. ఇప్పటికీ ఆ వెండివాటికి మోజు ఎక్కువ, మెత్తగా మోగుతాయని. మెత్తనిది కాబట్టి కింద పడితే అంచు తొందరగా నొక్కుకుంటుంది కూడా.

గారడీ ఈ నేలకి కొత్త కాదు. బ్రాహ్మణ సభల్లో గారడీ చేసి సంభావనలు పుచ్చుకున్న విప్రవినోదుల పేరు విజయనగర కాలపు శాసనాల్లో కనిపిస్తుంది. మన తరానికి మేజిక్ అనగానే బి.వి. పట్టాభిరామ్ గుర్తొస్తారు. హిప్నాటిజం, మేజిక్ ప్రదర్శనలతో పేరు తెచ్చుకుని తర్వాత వ్యక్తిత్వ వికాస రచయితగా ఇంటింటికీ చేరిన మనిషి. కృష్ణా జిల్లా వాళ్ళకి ఇంకో దారిలోనూ మేజిక్ తెలుసు. గోరా 1940లో ముదునూరులో పెట్టి, 1947లో విజయవాడకి మార్చిన నాస్తిక కేంద్రం వాళ్ళు బాబాల మహిమల వెనక ఉన్న కిటుకులని జనం ముందు విప్పి చూపించేవారు. ఆ మహిమల్లో నాణెం ట్రిక్కు ఒకటుంది. పాత అల్యూమినియం పైసకి మెర్క్యురిక్ క్లోరైడ్ రాసి భక్తుడి గుప్పిట్లో పెడితే నాణెం వేడెక్కి బూడిద రాలుతుంది. శక్తి అని దణ్ణం పెట్టేవాళ్ళు. అది ఒట్టి రసాయన చర్య, ఆ మందు పచ్చి విషం. మా మాస్టారు బళ్ళో దాన్ని బొమ్మ గీసి చెబుతాడు, చేసి మాత్రం చూపించడు. సబబైన పని.

ఇరవై నిమిషాలయింది. ఇప్పుడు చూడండి ఆచారిగారి పనితనం. నాణెం కన్నా చిన్నదైన ఇనుప దిమ్మ ఒకటి కుండ నీళ్ళలో ముంచి తీసి తుడిచారు. లోపలి నాణెం ముఖం ఆ చల్లటి దిమ్మ మీద ఆనేలా, షెల్ పైకి ఉండేలా పెట్టారు. దూదిని మరిగే నీళ్ళలో ముంచి పిండి షెల్ అంచు చుట్టూ కప్పారు. వేడి షెల్‌కి, చలవ నాణేనికి. మాస్టారు మనసులో లెక్క వేసుకుంటున్నాడు: ముప్పై మిల్లీమీటర్ల లోహానికి అరవై డిగ్రీల తేడా వస్తే మిల్లీమీటరులో నూరింట మూడు వంతుల వ్యాకోచం. తలవెంట్రుక మందంలో సగం కూడా ఉండదు. అంత చాలు. పొద్దున ఇంట్లో వేణ్ణీళ్ళు చెయ్యలేని పని ఇదే. రెండింట్లో ఒకదాన్నే వేడి చెయ్యాలి.

గుడ్డ మీద బోర్లించి, కొయ్య సుత్తితో షెల్ వీపు మీద రెండు దెబ్బలు. దెబ్బలు అనకూడదు, తట్టారు. అర డాలరు గుడ్డ మీద పడింది, అంచున పసుపుపచ్చ మరకతో.

తర్వాతి పని అంతా ఆచారిగారి కులవిద్యే. కుంకుడుకాయ నురగలో మెత్తటి బ్రష్షుతో రెండింటినీ కడిగారు. బంగారపు గొలుసులకి ఏ నురగో వీటికీ అదే. కిరసనాయిలు ఆనవాలు కూడా ఉండకూడదు, ఉంటే దుమ్ము పడుతుంది, మళ్ళీ మొదటికొస్తుంది. ఆరాక నాణేన్ని షెల్‌లో వేసి, బోర్లించి, చెయ్యి వదిలారు. తన బరువుకి తానే జారింది. పరీక్ష ఇదొక్కటే. లాగితే వచ్చేది బాగుపడినట్టు కాదు.

మాస్టారు ముఖం వికసించింది. కానీ గుడ్డ మీద ఇంకా నాలుగున్నాయి.

రెండోది స్కాచ్ అండ్ సోడా. మందు సీసా కాదు, మేజిక్ దుకాణాల్లో దశాబ్దాలుగా ఎక్కువగా అమ్ముడుపోయే నాణేల సెట్టు పేరు. అర డాలరు డొల్లలో రాగిరంగు మెక్సికో నాణెం, ఇరవై సెంటావోలది, సరిగ్గా ఇమిడి బిగుసుకుంటుంది. ఇది కావాలని బిగుసుకునేదే. బిగించడం వేళ్ళతో అవుతుంది, విప్పడం వేళ్ళతో కాదు. దానికో రింగు ఇస్తారు, బ్యాంగ్ రింగ్ అని. మాస్టారు దాన్ని ఎక్కడో పారేసుకున్నాడు. ఇది కొన్న ప్రతివాడూ మొదట పోగొట్టుకునేది ఆ రింగునే. ట్రిక్కులో దాని పాత్ర లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. పైగా నాణెం గచ్చు మీద పడి అంచు నొక్కుకుంది.

"రింగు ఎలా ఉంటుంది?"

మాస్టారు కాగితం మీద గీశాడు. గుండ్రటి రింగు, లోపల సన్నటి మెట్టు. ఆ మెట్టు మీద షెల్ అంచు మాత్రం ఆనాలి. లోపలి నాణెం కిందివైపుకి, ఖాళీ మీద ఉండాలి. రింగుని బల్ల మీద గట్టిగా కొడితే షెల్ ఆగిపోతుంది, లోపలిది ఆగదు. హనుమాన్ జంక్షన్‌లో బస్సు సడన్‌గా బ్రేకేస్తే నిలబడ్డవాళ్ళు ముందుకి పడతారే, అదే సూత్రం.

మనవడు లేచి పెరట్లోకి పోయి, తోటలో డ్రిప్పుకి వేసిన పీవీసీ గొట్టం ముక్కలు నాలుగు తెచ్చాడు. ఆచారిగారు గోడ మందం చూసి ఒకటి ఏరారు. ఇప్పుడు ఆకురాయి బయటికొచ్చింది, నాణేనికి కాదు, గొట్టానికి. లోపలి అంచు అరగదీస్తూ, మధ్యమధ్య మెక్సికో నాణెం కొలతకి సరిచూస్తూ పది నిమిషాలు కూర్చున్నారు. అది ఇరవై ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు, అర డాలరు ముప్పైన్నర. గొట్టం గోడ ఈ రెండు కొలతల మధ్య ఉన్న ఆ కాస్త జాగాని పట్టుకోవాలి. ఎక్కువ అరిగితే షెల్ కూడా లోపలికి పోతుంది, తక్కువైతే లోపలిది రాదు.

మొదటి దెబ్బకి రాలేదు.

భూతద్దంలో చూస్తే అంచున ఒకచోట బియ్యపు గింజ మొనంత నొక్కు. అది లోపలి నాణేన్ని పట్టుకుని వదలడంలేదు. ఆచారిగారు షెల్ అంచు చుట్టూ కొయ్య సుత్తితో తిప్పుతూ తిప్పుతూ తట్టారు. నొక్కు దగ్గర మాత్రం తట్టలేదు, దాని ఎదురుగా తట్టారు. మళ్ళీ గొట్టం మీద పెట్టి బల్ల మీద ఒక్కటి. టప్పున రాలింది. ఆ చప్పుడుకి ఎదురు కొట్లో కునుకు తీస్తున్నాయన లేచి చూశాడు. ఖాళీ అయిన షెల్‌ని ఉంగరాలు సైజు చూసే ఇనుప కడ్డీకి తొడిగి, నొక్కు ఉన్నచోట వేలితో అదిమి దొర్లించారు. సుత్తి వాడలేదు. కాగితం మందాన ఉన్న గోడకి వేలే ఎక్కువ.

మూడోదాని దగ్గర ప్రమాదం తప్పింది. మధ్యకి విరిగినట్టున్న ఆ నాణెం మడత నాణెం. కొరికితే ముక్క ఊడి, ఊదితే మళ్ళీ అతుక్కున్నట్టు కనిపించేది. నాణేన్ని ముక్కలుగా కోసి, అంచు చుట్టూ గాడి చేసి, ఆ గాడిలో సన్నటి రబ్బరు చుట్టు వేస్తారు. రబ్బరే దానికి కీలూ, స్ప్రింగూ. ఆచారిగారు అలవాటుగా కిరసనాయిలు సూది ఎత్తారు.

"అయ్యో, దానికొద్దండీ!"

మాస్టారు ఆయన చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు. సొనకి మందైనది రబ్బరుకి విషం. కిరసనాయిలు, కొబ్బరినూనె, కుట్టు మిషను నూనె, ఏది తగిలినా రబ్బరు ఉబ్బి కుళ్ళుతుంది. ఈ రబ్బరు ఇప్పటికే చచ్చింది. కృష్ణా, ఏలూరు జిల్లాల మే నెలలో, బైకు డిక్కీలో పెట్టిన ఏ రబ్బరైనా ఎంతకాలం బతుకుతుంది? మెత్తబడి, బంకైపోయి, గాడిలో పాకి, ముక్కల మధ్య అంటుకుంది. అందుకే మడత విచ్చుకోవడంలేదు. తుప్పు అనుకుని బలంగా తెరిస్తే కోత అంచులు వంగుతాయి, ఆ తర్వాత మూసినా గీత కనిపిస్తుంది.

సూది మొనతో గాడిలో ఉన్న బంకని పేలికలు పేలికలుగా తీశారు. ఇది ఓపిక పని, చూడ్డానికేమీ లేదు. కొత్త రబ్బరు మాస్టారు జేబులోనే ఉంది. పళ్ళకి క్లిప్పులు వేసే డాక్టర్ల దగ్గర దొరికే బుల్లి రబ్బరు చుట్లు. ఒక చుట్టు వేసి, మడిచి వదిలాడు. టక్కున మూసుకుంది. ప్రదర్శన అయ్యాక రబ్బరు తీసేసి విడిగా పెట్టుకోమని ఆచారిగారు చెప్పారు. అరగంట క్రితం దాకా ఆ వస్తువు పేరు కూడా తెలియని మనిషి.

నాలుగోది రేకు గొట్టం. బల్లపరుపుగా, నాణెం పట్టేంత వెడల్పుగా ఉంటుంది. ప్రేక్షకుడి దగ్గర అప్పు తీసుకున్న నాణెం మాయమై, ఒకదానిలో ఒకటి పెట్టిన డబ్బీల్లో అన్నింటికన్నా లోపలి డబ్బీలో తేలే ట్రిక్కు కోసం. గొట్టం వాడకం నేను చెప్పను, మీరు ఊహించుకోండి. అందులో ఇరవై రూపాయల బిళ్ళ ఇరుక్కుని ఉంది. పోయినవారం ఎవరో ప్రేక్షకుడు ఇచ్చినదట.

"ఆయనకి ఇరవై తిరిగిచ్చారా?" అని మనవడు.

"ఇచ్చాన్లే. నా జేబులోంచి."

ఈ తప్పు మాస్టారుది కాదు, కాలానిది. ఆ గొట్టాన్ని ఎవరో పాత రూపాయి కొలతకి, అంటే 25 మిల్లీమీటర్లకి కొట్టించారు. 1992 నాటి స్టీలు రూపాయి అంతే. తర్వాత రూపాయి చిక్కిపోయింది. 2011లో వచ్చినది 22 మిల్లీమీటర్ల లోపు, 2019 వరసలో వచ్చినది 20. కానీ ఇప్పుడు పెళ్ళిలో నాణెం అడిగితే ఎవరూ రూపాయి ఇవ్వరు. పదో ఇరవయ్యో ఇస్తారు, రెండూ 27. ఇరవై బిళ్ళకైతే పన్నెండు పలకలు కూడా ఉన్నాయి. రేకులో ఎక్కడ చిన్న సొట్ట ఉన్నా మూల పట్టుకుంటుంది. పావలా, అంతకు తక్కువవి 2011 జూన్ ఆఖరుతో చెల్లకుండా పోయాయి కాబట్టి చిన్న నాణెం అడిగే వీలూ లేదు. మేజిక్ పుస్తకాలేవీ ఈ చిక్కు గురించి మాట్లాడవు. ఇది మన ఊరి చిక్కు, మనమే విప్పుకోవాలి.

ఆచారిగారు గొట్టాన్ని వెనక నుంచి సన్నటి వెదురు బద్దతో నెట్టి బిళ్ళని బయటికి తెచ్చారు. ముందు నుంచి లాగితే ఇంకా బిగుస్తుంది, వెళ్ళిన దారినే వెనక్కి పంపాలి. తర్వాత గొట్టం అతుకు విప్పి, మూడు మిల్లీమీటర్లు వెడల్పు పెంచి, లోపల సరైన మందం ఉన్న చెక్క పలక పెట్టి పైనుంచి చదును కొట్టి మళ్ళీ అతికారు. లోపలి వైపు టంకం ఒక్క పూస కూడా మిగలకుండా గీకారు. పది బిళ్ళ, ఇరవై బిళ్ళ, పాత రూపాయి మూడూ వేసి చూశారు. జర్రున జారాయి.

అయిదోది ఇత్తడి డబ్బీ. దీన్ని ఒకిటో బాక్సు అంటారు. ఒకిటో అనేది థియో బాంబర్గ్ అనే డచ్చి ఇంద్రజాలికుడి రంగస్థల నామం. టోకియో అక్షరాలు తారుమారు చేసి పెట్టుకున్నాడు. తరతరాల గారడీ కుటుంబం. డబ్బీ మూత రావడంలేదు, కారణం చిలుము. చెమట చేతులతో ముట్టుకుని, తుడవకుండా మూతపెట్టి, వానాకాలమంతా వదిలేస్తే ఇత్తడి పచ్చబడుతుంది. చింతపండు పులుసులో పది నిమిషాలు. మూత చుట్టూ వేడి గుడ్డ. మెలితిప్పగానే వచ్చింది. ఇళ్ళలో ఇత్తడి చెంబు తోమిన ఎవరైనా చేసే పనే, ఆచారిగారు దానికి డబ్బులు కూడా లెక్కెయ్యలేదు.

ఎండ కాస్త వాలింది. మాస్టారు అన్నీ గుడ్డలో చుట్టి, ఒక్కోదాన్నీ విడిగా, ఒకదానికొకటి తగలకుండా సర్దుకున్నాడు. షెల్‌ని నాణెం నుంచి వేరుగానే పెట్టాడు. చివర్లో జేబులోంచి నల్లటి ముద్ద ఒకటి తీసి చూపించాడు.

"ఇది చూడండి. వీణల వాళ్ళ దగ్గర అడిగి తెచ్చుకున్నా."

నూజివీడు అనగానే బయటివాళ్ళకి మామిడి. ఊరివాళ్ళకి వీణ కూడా. పనస చెక్కతో వీణలు తొలిచే చేతులు ఈ ఊళ్ళో ఇంకా ఉన్నాయి. వీణ మీద ఇరవై నాలుగు మెట్లూ మైనంలోనే నిలబడతాయి. ఆ మైనం ఎండకి జారితే శ్రుతి పోతుంది, కాబట్టి దాన్ని గట్టిగా తయారుచేస్తారు. మేజిక్ చేసేవాళ్ళకీ మైనం కావాలి, నాణేన్ని క్షణంపాటు దేనికైనా అంటించడానికి. చలిదేశాల నుంచి వచ్చే చిన్న డబ్బీల మైనం ఇక్కడ మే నెలలో వేలికే కరిగి, నాణేల మధ్య పాకి, అంటకూడనిచోట అంటుతుంది. బిగుసుకున్న నాణేల్లో ఇలా మైనం వల్ల బిగుసుకున్నవి తక్కువేం కాదు. మాస్టారు దానికి విరుగుడు వీణ మెట్ల దగ్గర పట్టుకున్నాడు. తెలివైన పని. చలవ నీళ్ళలో నాణెం ముంచితే మైనం పెళుసై ఊడివస్తుందని ఆచారిగారు ఇంకో ముక్క కలిపారు.

"ఎంతివ్వమంటారండీ?"

ఆచారిగారు చెప్పిన మొత్తం ఇక్కడ రాయను. ఆయనకే చిన్నతనం. మాస్టారు దానికి రెట్టింపు బల్ల మీద పెట్టాడు, ఆచారిగారు సగం వెనక్కి తోశారు. "పెళ్ళిలో నా పేరు చెప్పకండి, ఇవన్నీ తెచ్చి నా నెత్తిన పోస్తారు," అన్నారు. మాస్టారు చెప్పడు. ఆయన రహస్యం ఈయన దగ్గర, ఈయన రహస్యం ఆయన దగ్గర.

నాణేల రాజని పేరున్న టి. నెల్సన్ డౌన్స్ కూడా మొదట అమెరికాలో అయోవాలోని చిన్న ఊరి రైల్వేలో టెలిగ్రాఫు పని చేసినవాడే. చిన్న ఊళ్ళో మేజిక్ నేర్చుకునేవాడికి దుకాణం ఉండదు, విడి భాగాలు ఉండవు, మరమ్మతుకి పంపే చిరునామా ఉండదు. మన ఊళ్ళలో ఆ లోటు తీర్చగలిగే చేతులు ఇంకా ఉన్నాయి: కంసాలి, గడియారాలు బాగుచేసేవాడు, వీణ చేసేవాడు. వాళ్ళ కొట్లు ఒక్కొక్కటీ మూతపడుతున్నాయి. నగలు షోరూముల్లో కొంటున్నాం, గడియారం ఫోనులో చూస్తున్నాం.

మీ అటక మీద చిన్నప్పటి మేజిక్ పెట్టె ఏదైనా ఉంటే దించండి. రబ్బర్లు ఉంటే ముందు అవి తీసెయ్యండి, ఎలాగూ చచ్చే ఉంటాయి. రాని మూతని, ఊడని నాణేన్ని బలంతో లాగకండి. బ్లేడు, స్క్రూడ్రైవరు, పళ్ళు, ఏవీ దగ్గరికి తేవద్దు. ఏది పట్టుకుందో ముందు చూడండి: సొనా, చిలుమా, మైనమా, నొక్కా. తెలియకపోతే మీ ఊళ్ళో ఇంకా కుంపటి రాజేస్తున్న ఆచారిగారి దగ్గరికి తీసుకెళ్ళండి. చిన్న పనే కదా అని బేరమాడొద్దు.